మన జామలో విటమిన్ సి ఎంత? మనమే కొలుద్దాం

"మా పండులో పోషకాలు ఎక్కువ" అని చెప్పి అమ్ముతాం. కొనేవాళ్ళు "ఎంత ఎక్కువండీ?" అంటే మన దగ్గర లెక్క ఉండదు. మన బేరం నడిచేదే నమ్మకం మీద. అందుకే విటమిన్ సి కొలిచే పద్ధతిని పై వీడియోలో చేసి చూపించాను.

సూత్రం సులువే. గంజిలో అయోడిన్ పడితే నీలం రంగు వస్తుంది. విటమిన్ సి ఉన్నంతసేపూ ఆ అయోడిన్‌ని అదే ఖర్చు చేసేస్తుంది, రంగు నిలవదు. విటమిన్ సి అయిపోగానే రంగు నిలుస్తుంది.

ముందు కొలత కట్టుకుందాం. 500 మి.గ్రా. విటమిన్ సి మాత్రని పొడిచేసి అర లీటరు నీళ్ళలో కరిగించండి. అందులో 5 ఎం.ఎల్. తీస్తే 5 మి.గ్రా. ఉన్నట్టు. చల్లారిన పల్చటి గంజి ఒక స్పూను కలపండి. మందుల షాపులో దొరికే 5 శాతం పోవిడోన్ అయోడిన్ ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపి, సిరంజితో చుక్కచుక్కగా వేస్తూ కలియతిప్పండి. నీలం అర నిమిషం నిలిస్తే ఆపి, ఎంత పట్టిందో రాసుకోండి. దాదాపు 7 ఎం.ఎల్. పడుతుంది.

ఇక పండు. 50 గ్రాముల తెల్ల జామ మిక్సీ పట్టి, నీళ్ళతో మొత్తం 250 ఎం.ఎల్. చేసి, గుడ్డలో వడకట్టండి. 10 ఎం.ఎల్. రసమంటే 2 గ్రాముల పండు. మాత్రకి 7 ఎం.ఎల్., దీనికి 5.6 ఎం.ఎల్. పట్టిందనుకుందాం. అంటే 4 మి.గ్రా.; 100 గ్రాములకి 200 మి.గ్రా. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లోనూ జామకి 200 పైనే ఉంటుంది.

రసం తీసిన వెంటనే కొలవాలి, గాలికి విటమిన్ సి తగ్గిపోతుంది. మూడుసార్లు చేసి సగటు తీయండి. ఆకుకూరల పచ్చరసంలో నీలం సరిగ్గా కనపడదు. పరీక్ష చేసిన రసం తాగకండి, పారబోయండి.

ఒక్క మాట. రకం, పక్వం, కోసి ఎన్నాళ్ళయింది అన్నదాన్ని బట్టి ఈ లెక్క బాగా మారుతుంది. మన పండూ పక్క తోట పండూ పోల్చాలంటే ఒకే రకం, ఒకే పక్వం, ఒకే రోజు కోసినవి ఉండాలి. రసంలో అయోడిన్‌ని తినే వేరే పదార్థాలూ ఉండొచ్చు కాబట్టి ఇది మన అంచనాకే. ప్యాకెట్ మీద అంకె వేయాలంటే గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టు కావాల్సిందే.

మరి మనకేం లాభమంటే, ఒకే కోతలోని కాయల్ని నీడలో, ఎండలో, ఫ్రిజ్‌లో పెట్టి మూడోరోజు కొలవండి. కోసిన సరుకు ఎక్కడ పెట్టాలో, ఎప్పటిలోగా అమ్మాలో మీకే తెలుస్తుంది.