బెలూను విడిచిన బట్ట, అద్దపు తెర పట్టిన పోగు

మన సంఘముల సభలలో ఎక్కడ విన్నను ఒకే మాట వినబడుచున్నది. కొత్త యంత్రము వచ్చిన ప్రతిసారియు నేతబట్టకు ఒక చోటు తగ్గుచున్నదని పెద్దలు వాపోవుచున్నారు. ఈ మాటలో సగము నిజము కలదు. మిగిలిన సగమును రెండు యంత్రముల చరిత్రతో సోదరులకు మనవి చేయదలచితిమి. మొదటిది అత్యున్నతమునకు ఎగురు బెలూను. రెండవది మన చేతి ఫోనుకు గల టచ్ స్క్రీను. మొదటి దానినుండి బట్ట తొలగిపోయెను. రెండవ దాని పనిలోనికి పోగు ప్రవేశించెను. ఎందుకు తొలగెనో, ఎందుకు ప్రవేశించెనో తెలిసికొనుట మన వృత్తికి అవసరము.

1783లో ఫ్రాన్సు దేశమున చార్లెస్ అను శాస్త్రజ్ఞుడు హైడ్రోజను వాయువుతో ఎగురవేసిన బెలూను పట్టుబట్టతో చేసినది. వాయువు బయటకు పోకుండ పట్టుకు రబ్బరు పూత పూసిరి. 1935 నవంబరులో అమెరికాలో ఇద్దరు సైనికాధికారులు ఎక్స్‌ప్లోరర్-2 అను బెలూనులో 22,066 మీటర్ల ఎత్తునకు పోయి క్షేమముగా దిగిరి. దాని సంచి నూలుబట్ట. దానికిని రబ్బరు పూతయే. అనగా సుమారు 150 ఏండ్లు ఈ పనిలో నేతబట్టకు పెద్ద స్థానము ఉండెను.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప, 1947 నుండి, పాలిథీను పొర రంగములోనికి వచ్చెను. వాయువు ఎత్తగల బరువునకు ఒక హద్దు కలదు. సంచి బరువు ఎంత తగ్గునో బెలూను అంత పైకి పోవును. రబ్బరు పూసిన బట్టను ఎంత సన్నని నూలుతో నేసినను ఈ పొరకు సాటి రాదు. 2013లో జపాను వారు 2.8 మైక్రానుల మందము గల పొరతో బెలూను చేసి 53.7 కిలోమీటర్ల ఎత్తునకు పంపిరి. మన తల వెండ్రుక అంతకు 20 రెట్లకు పైగా మందము. ఇందులో నేతవాని లోపము ఏమియు లేదు. అది బరువు లెక్క.

అయినను పోగు అక్కడినుండి పూర్తిగా పోలేదు. పెద్ద బెలూనులలో పలుచని పొర ఒక్కటే బరువు మోయజాలదు. అందుచేత అతుకుల వెంట పాలియెస్టరు పోగులు గల పట్టీలను అంటింతురు. క్రింద వ్రేలాడు పరికరముల బరువు ఆ పోగులమీదనే పడును. పని ముగిసిన పిదప పరికరములను నేలకు దించు పారాచూటు నేటికిని నేతబట్టయే. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి కేంద్రము నుండి ఇట్టి బెలూనులను ఎగురవేయుచున్నారు. 2025 జనవరిలో అందులో ఒకటి కర్ణాటకలోని బీదరు జిల్లా జలసంగి గ్రామములో దిగెను.

ఇక టచ్ స్క్రీను సంగతి. 1965లో ఇంగ్లాండులో ఇ. ఎ. జాన్సన్ అను ఇంజనీరు వేలితో తాకిన పనిచేయు తెరను గూర్చి ప్రకటించెను. నేటి ఫోను అద్దము క్రింద కంటికి కనబడని గీతలు రెండు వరుసలుగా ఉండును. వాటిలో విద్యుత్తు పారును. ఒక వరుస నిలువు, మరియొకటి అడ్డము. మన భాషలో ఒకటి పడుగు, ఒకటి పేక. అయితే ఇవి ఒకదానినొకటి తాకవు. వేలు దగ్గరకు వచ్చినప్పుడు ఆ కూడలిలో విద్యుదావేశము కొంచెము మారును. ఏ పడుగు, ఏ పేక కలియుచోట మార్పు కలిగెనో లెక్కించి ఫోను వేలి చోటును గుర్తించును.

ఈ సూత్రము గ్రహించినవారు అద్దమును విడిచి బట్టనే ఆశ్రయించిరి. 1997లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున రెహ్మీ పోస్ట్, మాగీ ఆర్త్ అనువారు బట్టతో మీటల పలకను చేసిరి. వారు ఎన్నుకొన్నది మన భారతదేశపు లోహపు పట్టు ఆర్గంజా. పడుగు ఉత్త పట్టు. పేక పట్టుపోగుపై సన్నని లోహపు రేకు చుట్టినది. జరీ తీయు పద్ధతియు ఇదియే గదా! పేకలో మాత్రమే లోహము ఉన్నందున విద్యుత్తు ఒక దిక్కుననే పారును. అట్టి రెండు ముక్కలను అడ్డదిడ్డముగా పరచి నడుమ నైలాను వల ఉంచిరి. నొక్కినచోట వల కన్నులగుండ రెండును కలిసికొనును.

2015లో గూగుల్ సంస్థ విద్యుత్తు పారు నూలును మామూలు మగ్గములపై నేయు పథకమును ప్రకటించెను. 2017లో లీవైస్ వారితో కలిసి అట్టి కోటును అమ్మకమునకు పెట్టెను. చేతిపట్టీని తాకిన ఫోనులో పాట మారెడిది. కాని 2023లో ఆ కోటునకు కావలసిన యాప్‌ను నిలిపివేసిరి. బట్ట చిరగలేదు, పోగు తెగలేదు. అయినను ఆ తాకిడి పలుకుట మానెను.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఒక్కటే. బట్ట కేవలము కప్పుగా ఉన్నచోట అంతకన్న తేలికైనది వచ్చి దానిని తోసివేయును. పోగు తన పని తాను చేయుచోట, అనగా బరువు మోయుచోట, పడుగు పేకల కూడలియే పనియగుచోట, అది నిలుచును.

కావున బరంపురము మొదలు షోలాపురము వరకు, కంచి మొదలు యానాము వరకు గల మన సంఘములకు మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది, అసలు జరీని, ప్లాస్టిక్ పొరపై పూత పూసిన జరీని స్టాకు పుస్తకములో వేరువేరుగా వ్రాయవలెను. చీర అంచున రెండును ఒకే తీరున మెరయవచ్చును గాని, విద్యుత్తు పనికి రెండును ఒకటి కావు. రెండవది, ఇట్టి కొత్త నూలుతో మచ్చు నేయుమని ఎవరైన వచ్చినచో గజము లెక్కను ఒప్పుకొనరాదు. అలవాటు లేని పోగు తెగును, పని మెల్లగా సాగును. రోజుకూలి లెక్కనే మాటాడి, కొంత సొమ్ము ముందుగా తీసికొనవలెను. మూడవది, ఒక్క కొనుగోలుదారుని నమ్మి మగ్గములన్నియు మార్చరాదు. వారు పథకము మానుకొన్ననాడు వీధిన పడునది మన నేతగాడే.

చదువుకొన్న మన పిల్లలు మగ్గము విడిచి పోవుచున్నారు. ఫోను వారి చేతిలోనే ఉన్నది. దాని అద్దములోని పడుగు పేకలను వారికి చూపింపుడు. తాత తండ్రుల విద్య పాతబడలేదని వారికి తెలియనిండు.