"అంతా నార్మలే" అన్నారు కదా!
(రేడియో ప్రసంగ పాఠం)

ఏడాదికోసారి చెకప్‌కి వెళ్ళి ఇంటికి రాగానే "డాక్టరుగారు ఏమన్నారు?" అని అడుగుతారు. "అంతా నార్మలే" అంటాం. అక్కడితో ఆ కాగితం సొరుగులోకి వెళ్ళిపోతుంది. ఇంతకీ ఆ నార్మల్ ఎవరి లెక్క ప్రకారం నార్మల్? ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

ముందు బీఎంఐ చూద్దాం. ఇది ఎత్తుకి తగ్గ బరువు ఉందా లేదా అని చెప్పే లెక్క. అమెరికాలో 25 దాటితేనే అధిక బరువు అంటారు. 5 అడుగుల 5 అంగుళాల ఎత్తు, 141 పౌన్ల బరువు ఉన్నవారి బీఎంఐ సుమారు 23.5. అందరికీ వాడే పట్టికలో ఇది నార్మలే. కానీ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఒక మార్పు చేసింది. ఆసియా మూలాలున్న వారికి 23 దగ్గరే షుగరు పరీక్ష గురించి ఆలోచించాలని చెప్పింది. అంటే అదే మనిషి ఒక లెక్కలో క్షేమం, ఇంకో లెక్కలో పరీక్ష చేయించుకోవలసినవాడు.

ఈ తేడా ఎందుకు? బీఎంఐకి కండ ఏదో, కొవ్వు ఏదో తెలియదు. 2004లో పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో, కొలతలు లాన్సెట్ పత్రికలో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! మనవాళ్ళలో చాలామంది చేతులు, కాళ్ళు సన్నగా ఉన్నా, కొవ్వు పొట్టలో, కాలేయం చుట్టుపక్కల చేరుతుంది. ఇన్సులిన్ పనికి అడ్డం పడేది ముఖ్యంగా ఆ కొవ్వే.

ఇది ఊహ కాదు. "మసాలా" అనే పేరుతో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగోల్లో ఉంటున్న 906 మంది దక్షిణాసియా వారిని 2010 నుంచి 2013 వరకు పరీక్షించారు. వయసు తేడాలు సరిచేసి చూస్తే నూటికి 23 మందికి మధుమేహం ఉంది. అలాంటి మరో అధ్యయనంలో తెల్లవారిలో అది నూటికి 6 మాత్రమే.

కాబట్టి ఇంట్లోనే చేసుకోదగ్గ మొదటి పరీక్ష నడుము కొలత. ప్యాంటు సైజు చూసి చెప్పకండి, మనం ప్యాంటు కట్టేది పొట్ట కింద! దర్జీలు వాడే టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకీ, తుంటి ఎముక పైభాగానికీ మధ్య, పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా గాలి వదిలాక కొలవండి. మనవాళ్ళలో మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళాలు, ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు హద్దు. ఇక్కడ మామూలుగా చెప్పే 40, 35 అంగుళాల హద్దులు మనకి వర్తించవు.

రెండోది బీపీ. కాఫీ తాగి అరగంటైనా కావాలి. బాత్రూముకి వెళ్ళి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆన్చి, అయిదు నిమిషాలు కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. మనకి ఇదే కష్టం! పదే పదే 130/80 గానీ, ఆ పైన గానీ వస్తుంటే డాక్టరుకి చెప్పాలి.

మూడోది రక్త పరీక్షలు. ఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగరు గుమ్మంలో ఉన్నట్టు, 6.5 ఆ పైన ఉంటే లోపలికి వచ్చినట్టు. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు, అది కూడా డాక్టరుకి చెప్పండి. కొలెస్ట్రాల్‌తో పాటు లైపోప్రొటీన్-ఏ గురించి అడగండి. ఇది ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చేది కనుక చాలామందికి జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. దక్షిణాసియా మూలాలను గుండెజబ్బు ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా 2018లో అమెరికన్ గుండె వైద్య సంఘాల కొలెస్ట్రాల్ మార్గదర్శకాలే పేర్కొన్నాయి. నాన్నగారికో, బాబాయిగారికో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే, ఏ వయసులో వచ్చిందో కూడా డాక్టరుకి చెప్పండి.

ఇక ఒంట్లో సత్తువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వారితో ఈ పరీక్ష చేయించవచ్చు. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 65 నుంచి 69 ఏళ్ళ మగవారు 12 కంటే, ఆడవారు 11 కంటే తక్కువసార్లు లేస్తే కాళ్ళలో బలం తగ్గినట్టు, పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. పక్కన ఒకరు నిలబడాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపేయాలి. మోకాళ్ళ ఆపరేషన్ అయినవారు, గుండెజబ్బు ఉన్నవారు ముందు డాక్టరుని అడగాలి.

ఈ అంకెలేవీ తీర్పులు కావు. తలుపు ఎక్కడ తట్టాలో చెప్పే గుర్తులు, అంతే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, కంచంలో కాస్త తక్కువ అన్నం, కాస్త ఎక్కువ పప్పు, కూర, వీటితో చాలామందికి ఆ అంకెలు కిందికి దిగుతాయి. సొరుగులో పెట్టిన ఆ కాగితం ఈ రాత్రి బయటికి తీయండి. పక్కన నడుము కొలత కూడా రాయండి. వచ్చేసారి డాక్టరుగారు "నార్మల్" అంటే, "మా వాళ్ళ లెక్కలో కూడానాండీ?" అని అడగండి.