ముసలి కుందేలుకు చలికాలపు కాపుదల

కుందేలు పాలివ్వదు, గ్రుడ్లు పెట్టదు, ఇల్లు కాయదు. అయినను పిల్లల ముచ్చట కొరకు తెచ్చుకొన్న కుందేలు 8 నుండి 12 సంవత్సరముల వరకు బ్రదుకుతుంది. ఈలోగా పిల్లలు ఎదిగి హాస్టళ్లకు వెళ్తారు. ముసలి కుందేలు తల్లిదండ్రుల చేతిలో మిగులుతుంది. మా ఇంట కూడ కీళ్ల నొప్పులు గల తొమ్మిదేండ్ల కుందేలు ఉన్నది. దానిని సాకుటలో మేము తెలిసికొన్న సంగతులు చదువరులకు ఉపయోగపడునని ఇక్కడ వ్రాయుచున్నాము.

కుందేలు తన బాధను దాచుకొంటుంది. కుక్క, నక్క, గ్రద్ద వేటాడే ప్రాణి గనుక నీరసమును పైకి కనపడనీయదు. కాబట్టి ప్రతి ఉదయము రెండు విషయములు చూడాలి. రాత్రి వేసిన గడ్డి తిన్నదా? పెంటికలు ఎప్పటివలె పడినవా? పెంటికలు చిన్నవైనా, తగ్గినా ప్రేగులు మందగించినవని గుర్తు. 12 గంటలు ఏమియు తినకపోతే ప్రాణాపాయమే. గత జనవరిలో మా కుందేలు ఒక రాత్రి గడ్డి ముట్టలేదు. తెల్లవారగానే పశువైద్యుని వద్దకు తీసికొని వెళ్లాము. ఆయన మందు ఇచ్చి, సూది లేని సిరంజితో మెత్తని ఆహారము కొద్దికొద్దిగా పట్టించమన్నారు. మూడవ రోజుకు అది గరిక కొరికినది.

ఆరోగ్యముగా ఉన్న కుందేలు ఎండకన్న చలినే బాగా ఓర్చుకొంటుంది. అయితే వయస్సు మళ్లి చిక్కిన దానికి తేమ, ఈదురుగాలి చేటు. గూడును నేలకు ఎత్తుగా ఉంచి, మూడు వైపుల గోనెసంచులు కట్టి, ఒక వైపు గాలి ఆడనివ్వాలి. మూత్రపు ఘాటు లోపల నిలిస్తే ఊపిరితిత్తులు చెడతాయి. అడుగున వరిగడ్డి మందముగా పరచి, తడిసినది ఏ రోజుకారోజు తీసివేయాలి. లేకుంటే పాదములు పుండ్లు పడతాయి. పొగ పడదు గనుక కుంపటి పెట్టరాదు.

కీళ్లు బిగిసిన కుందేలు తన ఒంటిని నాకి శుభ్రము చేసికొనలేదు. తోక క్రింద గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. స్నానము చేయించరాదు. చెవులు పట్టి ఎత్తరాదు. ఒక చేయి రొమ్ము క్రింద, మరియొకటి వెనుక కాళ్ల క్రింద ఉంచి ఎత్తాలి. గింజుకొంటే వెన్నెముక విరుగవచ్చును.

దాని పళ్లు బ్రదికినంత కాలము పెరుగుతాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. గరిక, ఎండుగడ్డియే ముఖ్యాహారము. చొంగ కారితే పళ్లు వైద్యునికి చూపించాలి. తాగుటకు గోరువెచ్చని నీళ్లు పెడితే చలిలోనూ తాగుతుంది. మనుష్యుల మాత్రలు వేయరాదు. మనము వాడే అమాక్సిసిలిన్ నోట వేస్తే దాని ప్రేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, కుందేలే చనిపోవచ్చును. నొప్పికి తగిన మందును వైద్యుడే దాని బరువు చూచి ఇస్తారు.

క్రిస్మస్ దినములలో ఇంటికి వచ్చిన పిల్లలు ముద్దుగా కేకు, బిస్కెట్లు పెడతారు. అవి దాని ప్రేగులకు పడవు. టపాకాయల మ్రోతకు బెదిరి మేత మానుతుంది. గనుక ముందుగానే గూడును లోపలి గదికి మార్చుట మంచిది.

ఒక గోనెసంచి, గుప్పెడు గరిక, ప్రతి ఉదయము ఒక చూపు. ఇవి ఏ ఇంటికిని భారము కావు. ముసలి కుందేలు చలికాలము దాటుట వీటి మీదనే చాలవరకు ఆధారపడి యున్నది.