స్పోర్ట్స్ కారు బ్రేకు డిస్కులు, ప్యాడ్ల ఎంపిక

స్పోర్ట్స్ కారులో అరిగిపోయిన బ్రేకు డిస్కులకు (వీటినే రోటర్లు అని కూడా అంటారు), ప్యాడ్లకు బదులుగా కొత్తవి ఎంచుకొనేటప్పుడు ఆ కారు ఎక్కడ, ఎంత వేగముతో నడుస్తుందన్నది ముందుగా తేల్చుకొనవలెను. రోజూ వీధులలో తిరిగే కారుకు సరిపోయే ప్యాడ్లు రేసు ట్రాకు మీది వేడికి నిలువవు. ట్రాకు కొరకు చేసిన ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. కనుక ఎక్కువ ఖరీదు పెడితే ఎక్కువ క్షేమమన్న అభిప్రాయము ఈ విషయములో అన్నివేళలా నిజము కాదు. ఈ వ్యాసములో మాజ్డా ఎమ్ఎక్స్-5 అనే జపాను కారు ఉదాహరణగా తీసుకొనబడినది.

పనిచేయు విధానము

చక్రముతో పాటు తిరిగే గుండ్రని పళ్ళెము డిస్కు. ఇది సాధారణముగా పోత ఇనుముతో చేయబడుతుంది. దానికి ఇరువైపులా ప్యాడ్లు, వాటిని పట్టి ఉంచే క్యాలిపరు ఉంటాయి. డ్రైవరు పెడలు తొక్కినప్పుడు బ్రేకు ఆయిల్ ద్వారా ఒత్తిడి క్యాలిపరులోని పిస్టన్లకు చేరుతుంది. అప్పుడు ప్యాడ్లు డిస్కును రెండువైపుల నుండి నొక్కుతాయి. ఘర్షణ వలన కారు గతిశక్తి ఉష్ణముగా మారుతుంది.

గతిశక్తి వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగుతుంది. 1000 కిలోల బరువున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగము నుండి ఒక్కసారి ఆగినప్పుడు సుమారు 386 కిలోజౌళ్ళ శక్తి వేడిగా మారవలసి ఉంటుంది. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల సెంటీగ్రేడు నుండి 100 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 314 కిలోజౌళ్ళు చాలును. వేగము 200 కిలోమీటర్లయితే ఆ శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అనగా సుమారు 1543 కిలోజౌళ్ళు అవుతుంది. ట్రాకు మీద ప్రతి మలుపు ముందు బ్రేకు వేయవలసి రావడము వలన, డిస్కు చల్లబడకముందే మళ్ళీ వేడెక్కుతుంది.

ప్యాడ్ల వేడి వాటి హద్దు దాటినప్పుడు ఘర్షణ తగ్గి, ఎంత గట్టిగా తొక్కినా కారు త్వరగా ఆగదు. దీనిని బ్రేకు ఫేడ్ అంటారు. ఆ వేడి బ్రేకు ఆయిల్‌ను మరిగిస్తే అందులో ఆవిరి బుడగలు ఏర్పడి, పెడలు మెత్తబడి నేల దాకా పోతుంది. ఇది మొదటి దానికంటె ప్రమాదకరము.

చరిత్ర

ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెములో డన్‌లప్ డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ సి-టైప్ కారు గెలుపొందడముతో ఈ బ్రేకుల శక్తి లోకానికి తెలిసినది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డిఎస్ కారు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు అమర్చబడినవి.

డిస్కుల రకాలు

* సాదా డిస్కు: ఒకే పలకగా ఉంటుంది. తేలిక కార్లకు, వెనుక చక్రాలకు ఎక్కువగా వాడుతారు.
* గాలి సందుల డిస్కు: రెండు పలకల మధ్య ఉన్న సందులలో నుండి గాలి ప్రవహించి వేడిని తీసుకొనిపోతుంది. ఎక్కువ భారము ముందు చక్రాల మీద పడుతుంది కనుక అక్కడ ఇవి అవసరము.
* రంధ్రాల డిస్కు: చూపునకు అందముగా ఉంటుంది, బరువు కొంత తగ్గుతుంది. కాని తీవ్రమైన వాడకములో రంధ్రాల చుట్టూ పగుళ్ళు పుట్టే అవకాశము కలదు.
* గాడుల డిస్కు: గాడులు ప్యాడు ఉపరితలమును, ధూళిని తుడుస్తూ ఉంటాయి. ప్యాడ్లు కొంచెము త్వరగా అరుగుతాయి.
* కార్బన్ సిరామిక్ డిస్కు: ఇనుప డిస్కు కంటె చాలా తేలిక, చాలా ఖరీదు. పోర్షే సంస్థ 2001లో తన 911 జిటి2 కారుకు వీటిని అమర్చినది.

ప్యాడ్ల రకాలు

సేంద్రియ ప్యాడ్లు మెత్తగా, చప్పుడు లేకుండా పనిచేస్తాయి కాని ఎక్కువ వేడికి నిలువవు. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో ఇనుము, ఉక్కు పీచు వంటి లోహాలు ఉంటాయి. ఇవి వేడిని బాగా తట్టుకొంటాయి కాని ధూళి, శబ్దము, డిస్కు అరుగుదల ఎక్కువ. సిరామిక్ ప్యాడ్లు ధూళి తక్కువగా ఇస్తాయి, వీధి వాడకానికి అనుకూలము. రేసు ప్యాడ్లు బాగా వేడెక్కిన తరువాతనే పూర్తి పట్టునిస్తాయి. వాటితో వీధిలో మొదటిసారి బ్రేకు వేసినప్పుడే ప్రమాదము జరుగవచ్చును.

అమెరికాలో అమ్మే ప్యాడ్ల అంచున రెండు అక్షరాలు ముద్రించబడి ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి, రెండవది వేడిగా ఉన్నప్పటి ఘర్షణ గుణకమును తెలుపుతుంది. ఇ అనగా 0.25 నుండి 0.35 వరకు, ఎఫ్ అనగా 0.35 నుండి 0.45 వరకు, జి అనగా 0.45 నుండి 0.55 వరకు. ఈ అక్షరాలు ప్యాడు ఎంత కాలము మన్నుతుందో, ట్రాకు మీది వేడికి ఎంతవరకు నిలుస్తుందో తెలుపవు.

ప్యాడ్ల ధూళిలోని రాగి వాననీటితో నదులలో చేరి చేపలకు హాని చేస్తుంది. అందువలన కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లో చట్టాలు చేసినవి. వాటి ప్రకారము ప్యాడ్లలో రాగి పరిమితి 2021 నుండి 5 శాతము, 2025 నుండి 0.5 శాతము.

ఉదాహరణ: మాజ్డా ఎమ్ఎక్స్-5

1989లో విడుదలైన 1.6 లీటర్ల ఎమ్ఎక్స్-5 కారులో ముందు డిస్కుల వ్యాసము 235 మిల్లీమీటర్లు, వెనుక డిస్కులది 231 మిల్లీమీటర్లు. 1994 నమూనాగా వచ్చిన 1.8 లీటర్ల కారులో ఇవి 255, 251 మిల్లీమీటర్లు. పాత కారు యజమానులు కొందరు పెద్ద డిస్కులు అమర్చుకొంటారు. అప్పుడు వాటికి తగిన క్యాలిపరు బ్రాకెట్లు, ప్యాడ్లు కూడా మార్చవలెను. ముందు వెనుకలు రెండూ మార్చినప్పుడే బ్రేకు బలము సమతూకములో ఉంటుంది. ఒకవైపే మార్చితే ఆ చక్రాలు ముందుగా బిగుసుకొనిపోవచ్చును. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొంటే కారు గిర్రున తిరిగిపోతుంది.

పెద్ద డిస్కు వలన కారు ఆగే దూరము తప్పక తగ్గుతుందని చాలామంది భావిస్తారు. కాని చక్రాలను బిగించగల శక్తి మామూలు బ్రేకులకు కూడా ఉంటుంది. ఆ పైన కారును ఆపేది టైరుకు, రోడ్డుకు మధ్య గల పట్టు మాత్రమే. ఆ ఘర్షణ గుణకము 1 అనుకొంటే గంటకు 100 కిలోమీటర్ల నుండి ఆగడానికి సుమారు 39 మీటర్లు పడుతుంది. డిస్కు ఎంత పెద్దదైనా ఇది తగ్గదు. పెద్ద డిస్కు చేసే అసలు మేలు, ఎక్కువ వేడిని ఇముడ్చుకొని పదవసారి కూడా మొదటిసారి వలెనే పనిచేయడము. కనుక వీధులలో మాత్రమే నడిపేవారు ఆ ధనమును మంచి టైర్లకు వెచ్చించుట మేలు.

అమర్చేటప్పుడు జాగ్రత్తలు

* డిస్కు మీద కనీస మందము ముద్రించబడి ఉంటుంది. అంతకంటె అరిగినా, పగుళ్ళు కనిపించినా దానిని వాడరాదు.
* ఒకే ఇరుసుకు చెందిన రెండు చక్రాలకు ఒకేసారి మార్చవలెను.
* కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను పూర్తిగా తుడిచివేయవలెను.
* పాత కార్ల ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును కనుక బ్రేకు ధూళిని గాలితో ఊదరాదు.
* బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 4 ఆయిల్ మరుగు స్థానము కొత్తగా ఉన్నప్పుడు కనీసము 230 డిగ్రీలు, తేమ చేరిన తరువాత కనీసము 155 డిగ్రీలు ఉండవలెనని ప్రమాణము. ట్రాకు మీదికి వెళ్ళే ముందు దీనిని మార్చుట అవసరము.

కొత్త ప్యాడ్లు వెంటనే పూర్తి పట్టునివ్వవు. తయారీదారు సూచించిన విధముగా, ఖాళీ రోడ్డు మీద పలుమార్లు మధ్యస్థమైన వేగము నుండి నెమ్మదింపజేసి, తరువాత చల్లారనివ్వవలెను. ఇందువలన ప్యాడు పదార్థము డిస్కు మీద పలుచని పొరగా సమముగా అంటుకొంటుంది. బ్రేకులు బాగా వేడిగా ఉన్నప్పుడు కారును ఆపి పెడలు తొక్కిపట్టి ఉంచితే ఆ పొర ఒకేచోట దట్టముగా అంటుకొని, తరువాత పెడలు అదురుతుంది. డిస్కు వంకర పోయినదని అనుకొనే అనేక సందర్భాలలో అసలు కారణము ఇదే.