శాసనము విరమించిన చోట

నల్లగొండ జిల్లాలో నకిరేకల్లునకు చేరువనున్న చందుపట్ల గ్రామమున ఒక శిలాశాసనము కలదు. కాకతీయ రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకము చేరిరనియు, వారికి పుణ్యముగ పువ్వుల ముమ్మడి యను బంటు అచ్చటి సోమనాథదేవునకు భూమి దానము చేసెననియు అందు చెక్కబడియున్నది. శకవర్షమును, తిథిని గణించి పండితులు ఆ శాసనకాలము 1289 నవంబరు 27 అని నిర్ణయించిరి. స్త్రీ యేలుబడిని ఓర్వని సామంతులను అణచి, ఓరుగల్లు సింహాసనమున పాతికేండ్లకు పైగా నిలిచిన రాణి అస్తమయమును ఆ శిల కొలది పంక్తులలో ముగించినది. ఆమె కడపటి దినములు ఎట్లు గడచెను? ఆ సేనాని ఆమె చెంతనే యుండెనా? తన ఏలికలిరువురిని కోల్పోయిన ఆ బంటు ఏ మనఃస్థితిలో శిల్పిని పిలిపించి ఈ అక్షరములను చెక్కించెను? శాసనమునకు ఇవి అక్కరలేదు. దాత పేరు, దానము వివరము నిలిచిన చాలును. అది విరమించిన చోటనుండియే నవలాకారుని పని మొదలగుచున్నది.

కల్పనాసాహిత్యమును ప్రేమించు మిత్రులు పలువురు చారిత్రక నవల యనగానే కొంచెము వెనుకాడుట నేనెరుగుదును. పాఠశాలలో యుద్ధముల తేదీలు వల్లెవేసిన నాటి విసుగు వారినింకను విడువలేదు. జరిగినదేమో చరిత్రగ్రంథము చెప్పగలదు. కాని జరుగబోవునది తెలియని ఘడియలో, గెలుపునకు పూచీపడువారెవ్వరును లేని వేళ, ఒక మనుష్యుడు తాను నమ్మినదానికి ఎట్లు కట్టుబడెనో, అందులకై ఏమి పోగొట్టుకొనెనో మన గుండెకు తాకునట్లు చెప్పుట మంచి నవలకే సాధ్యము. ఉత్తేజమనునది అచ్చట పుట్టును. నాయకుడు చెల్లించిన మూల్యమును దాచి, విజయమును మాత్రమే చూపు పుస్తకము ఎంత ఘోషించినను మరునాటికి మనస్సులో నిలువదు. నేనిట చెప్పబోవు నవలలన్నింటిని ఈ యొక్క గీటురాతిపై ఒరసి చూచియే చెప్పుచున్నాను.

మొదట చేతబట్టవలసినది అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’. రుద్రమదేవి పట్టాభిషేకమును సహింపని మండలేశ్వరులు కుట్రలు పన్నుచున్న కాలమున, గన్నారెడ్డి గజదొంగ యను అపకీర్తిని తలదాల్చి, లోకమంతయు తన్ను దూషించుచుండగా, చాటుగ ఆ రాణి సింహాసనమునకే కాపుగ నిలుచుట ఇందలి కథ. ప్రాణములొడ్డు వీరులు మన కథలలో కోకొల్లలు. పేరును వదలుకొనగల వీరుడు అరుదు. తన మంచితనమును తానే మరుగుపరచి, నిజము ఎన్నటికైనను వెలువడునో లేదో తెలియకయే పనిచేయు ఈ యువకుని చిత్రణమునందే ఈ నవల బలమంతయు నున్నది. కత్తిసాము, గుఱ్ఱపు పరుగులు, అన్నాంబిక ప్రణయము కథను తరుముకొని పోవును. ఆ వేగమున పాఠకుడు తాను చరిత్ర చదువుచున్నానను మాటనే మరచును. బాపిరాజు రాజమహేంద్రవరమున ఆస్వాల్డు కూల్డ్రే దొర శిష్యుడు, పిమ్మట ప్రమోదకుమార చటోపాధ్యాయుని చెంత చిత్రలేఖనము నభ్యసించినవాడు; కావుననే ఆయన కోటగోడను, కంఠాభరణమును, సాయంసంధ్యను కుంచెతో దిద్దినట్లు వర్ణించును. ఆ కుంచె ఒక్కొక్కచోట అవసరమునకు మించి సంచరించుటయు, స్త్రీలెల్లరు సమానముగ లోకోత్తర సుందరులై యుండుటయు నిజమే. ఆ వర్ణనలను దాటవేయక నెమ్మదిగ చదువుడు; వానినుండియే ఆనాటి గాలి మనకు తగులును.

ఆయనయే రచించిన ‘హిమబిందు’ శాతవాహనులనాటి కథ, అందలి విషకన్య వృత్తాంతము కరుణరసభరితము. ఇక్ష్వాకుల విజయపురిని కన్నులకు కట్టించిన ‘అడవి శాంతిశ్రీ’ని గూర్చి మాత్రము ఒక్కమాట చెప్పక తప్పదు. బాపిరాజు 1952లో కీర్తిశేషుడయ్యెను. నాగార్జునసాగర ఆనకట్టకు శంకుస్థాపన 1955లో జరిగెను. ఆయన వర్ణించిన లోయ ఆ పిమ్మట జలాశయ గర్భమున మునిగిపోయినది. నేడు లాంచీనెక్కి నాగార్జునకొండ ద్వీపమునకు పోవు యాత్రికుడు తన కాళ్లక్రింది నీటిలో నేమున్నదో తెలియగోరినచో, ఆ నవలను చదివి పోవుట మేలు. వస్తుప్రదర్శనశాలలోని శిల్పములు అప్పుడు అతనికి పరిచితుల వలె కనబడును.

ఇట్టి రచనలు తెలుగున ఆకస్మికముగ పుట్టలేదు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా గ్రంథమాలను నెలకొల్పినది మొదలు, తమకొక చరిత్ర కలదను స్పృహను జనులలో కలిగించుట ఒక మహోద్యమమై సాగినది. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి సంపుటము 1910లో వెలువడుటయు, చారిత్రక నవలలకు ఆ గ్రంథమాల పోటీలు నడుపుటయు ఆ యుద్యమములోనివే. నాటి తొలి నవలలలో ఉపన్యాసధోరణి హెచ్చు. వానిని పరిశోధకులకు విడిచి, వాని పంటను అనుభవించుటయే సామాన్య పాఠకునకు తగినది.

ఆ పంటలో మేలిగింజ నోరి నరసింహశాస్త్రిగారు. రేపల్లెలో న్యాయవాదవృత్తి సాగించుచు, సాక్ష్యమును తూచు ఆ యలవాటుతోనే ఆయన శాసనములను, కావ్యావతారికలను చదివెనని తోచును. ఆయన నవలలలో ఖడ్గము కంటె గంటమునకు మర్యాద ఎక్కువ. ‘నారాయణభట్టు’లో రాజరాజనరేంద్రుని సింహాసనము దాయాదిపోరుచే అల్లాడుచుండును, అట్టి యలజడి నడుమ, నన్నయ భారతరచనకు తోడ్పడిన విద్వాంసుడు నారాయణభట్టు రాజనీతిజ్ఞుడై దేశమునకు శాంతిని సమకూర్ప యత్నించును. ఒక మహాకావ్యము పుట్టవలెనన్న దానికి ముందు ఎందరు ఎన్ని రాత్రులు నిద్రమానవలెనో ఈ నవల చూపును. ‘రుద్రమదేవి’, ‘మల్లారెడ్డి’, శ్రీనాథుని గూర్చిన ‘కవిసార్వభౌముడు’, ‘ధూర్జటి’ వరుసగ చదివినవానికి తెలుగు సాహిత్యచరిత్ర పాఠముగగాక బంధువుల కథగ మనస్సునకెక్కును. నడక మందము, సంభాషణలు దీర్ఘములు. ఓపిక గలవారికే ఈ పుస్తకములు. బాపిరాజును చదివిన మరునాడే శాస్త్రిగారి ‘రుద్రమదేవి’ని తెరచినచో, ఒకే రాణి ఇరువురి చేతులలో ఎంత వేరుగ రూపుదిద్దుకొనెనో చూచి రసజ్ఞుడు ఆనందించును.

విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’ను ఉత్తేజకర నవలల కోవలో చేర్చుట కొందరికి వింతగ తోచవచ్చును. మధుర నాయకరాజుల కాలము, వైగై తీరము. సేతుపతి, వీరభూపతి ప్రాణస్నేహితులు. ఒక్కొక్కడు ప్రేమించిన కన్య రెండవవానికి భార్యయగును, అది వారికి తెలియదు. కథ ఇంతియే. రాజ్యములు కూలుట లేదు, సైన్యములు కదలుట లేదు. నలుగురును సజ్జనులే, ఒక్కరును పాపము తలపెట్టినవారు కారు, అయినను నలుగురును దగ్ధులగుదురు. ధర్మమును విడువని మనుష్యునకు లోకము సుఖమునే ప్రతిఫలముగ నిచ్చునని ఈ నవల అబద్ధమాడలేదు. అందుచేతనే దానిని చదివినవాడు దృఢపడును. 1969లో చలనచిత్రముగ వచ్చినప్పుడు చూచినవారు సైతము పుస్తకమును వేరుగ చదువవలెను. ఆ సంవిధానపు బిగువు వాక్యములలో నున్నది.

తెలుగునేలను దాటి పోగోరువారికి తెన్నేటి సూరి ‘ఛంఘీజ్‌ఖాన్’ను మించినది నేను చెప్పలేను. నలుబదియేడేండ్ల ఆయువే గల ఆ రచయిత, డికెన్సు నవలను ‘రెండు మహానగరాలు’గ తెనిగించిన ఆ చేతితోనే, గోబీ యెడారి అంచులలోని గుడారములను, గుఱ్ఱపుపాలను, ఎముకలు కొరుకు చలిని తెలుగువానికి స్వంతము చేసి పెట్టెను. తండ్రి శత్రువుల విషప్రయోగమునకు బలికాగా, స్వజనమే విడిచిపోయిన తల్లిపిల్లలు ఆ బయలులో బ్రదుకు నీడ్చుట, తెమూజిన్ (పిమ్మటి ఛంఘీజ్‌ఖాన్) బందీయై తప్పించుకొనుట, ఎత్తుకొనిపోబడిన భార్యను తిరిగి సాధించుట, ఒండొరులను చంపుకొను తెగలను ఒక్క జెండా క్రిందికి తెచ్చి 1206లో మహాసభయందు ఖానుగ ప్రకటింపబడుట — ఇవన్నియు చరిత్ర చెప్పినవే. సూరి చేసిన పని వేరు. లోకమంతయు రాక్షసుడని పేరు పెట్టిన వానిని ఆయన ఆకలిగొన్న బాలునిగ మనకు మొదట పరిచయము చేసెను. ఒక్కసారి ఆ బాలుని ఆకలిని పంచుకొన్న పాఠకుడు పిమ్మట అతనిని సులభముగ ద్వేషింపనుజాలడు, సులభముగ పూజింపనుజాలడు.

ఈ నవలను యువకులకు ఇచ్చునప్పుడు ఒక్క హెచ్చరిక చేయుట నా కర్తవ్యమని తలంతును. దిక్కులేనివాడు దిగ్విజేతయగుట ఎంత ఉత్తేజకరమో, ఆ దిగ్విజయముల క్రింద నలిగిన నగరములు అంత నిజము. బుఖారా, సమర్కందులు 1220లో ఆ ఖాను సేనలకు లొంగినప్పుడు జరిగినదేమో చరిత్రగ్రంథములలో చదివి, నవలకు జోడించుకొనవలెను. గొప్పతనమును మెచ్చుటయు, రక్తమును లెక్కించుటయు ఒకే హృదయమున పట్టవలెను, పట్టుట కష్టమే. ఆ కష్టమును నేర్పుచున్నందుననే ఈ పుస్తకమును పదేపదే మిత్రుల చేత పెట్టుచుందును.

ఇంతవరకు పూర్వకాలమును వెదకికొనిపోయిన రచయితలను చూచితిమి. తమ కాలమునే వ్రాయగా, కాలము గడచి చరిత్రయైన నవలలు మరికొన్ని కలవు. వానిలో ‘మాలపల్లి’ తలమానికము. పల్నాటి పుల్లరి సత్యాగ్రహ కాలమున కారాగారవాసమునకు గురియైన ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాలలో దీనిని రచించిరి. 1922లో అచ్చుకాగా మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మటగాని ఆ నిర్బంధము పూర్తిగ తొలగలేదు. బారిష్టరు పరీక్ష నిచ్చిన పండితుడు, గ్రాంథికము ఏలుచున్న ఆ దినములలో, గుంటూరు మండలపు కూలివాడలలో వినబడు పలుకును పుటలకెక్కించెను. భూస్వామి చౌదరయ్య దెబ్బకు మాలపల్లి యువకుడు సంగదాసు ప్రాణములు విడుచు ఘట్టమును గమనింపుడు: వానిని ప్రాణముగ ప్రేమించిన స్నేహితుడు ఆ చౌదరయ్య కుమారుడే. కులము, కూలి, స్నేహము, పితృభక్తి ఒక్క క్షణమున ఢీకొనును. సంగదాసు సోదరుడు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ధనికులను దోచును. తండ్రి రామదాసు మాత్రము శాంతమును విడువడు. ఈ ఇరువురిలో ఎవని మార్గము సరియైనదని ఉన్నవ మనచేత వెంటనే పలికింపడు. గ్రంథము పెద్దది, తత్త్వచర్చలు నడుమ నడుమ కథను నిలిపివేయును; అయినను మొదటి భాగము ముగియునప్పటికి విడువ శక్యము కాదు.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ అంతకంటె చిన్నది, సూటియైనది. నిజాము పాలనలోని తెలంగాణ పల్లెలో కంఠీరవమను సామాన్య యువకుడు నాయకుడగు క్రమము ఇందు వర్ణింపబడినది. గ్రంథాలయములు స్థాపించి, కారాగారములు చూచి, పుస్తకములను భుజమున మోసి అమ్మిన మనుష్యుడు వ్రాసినది గావున ఒక్క వాక్యమును అరువు తెచ్చుకొన్నట్లుండదు. కోనసీమలో సహాయనిరాకరణోద్యమము అగ్రహారపు గడపలనెట్లు దాటెనో చూడగోరువారు మహీధర రామమోహనరావుగారి ‘కొల్లాయిగట్టితేనేమి?’ చదువవలెను. గాంధీగారు అందు కనబడరు. ఆయన మాట విని ఇంటికి దూరమైన రామనాథము కనబడును.

నేటి రచనలలో బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమందినది. పదునెనిమిదవ శతాబ్దపు రాయలసీమ, హండె ప్రభువుల అనంతపురము ఇందలి రంగస్థలము. కోటలోని ఏలికలకంటె కోట వెలుపల కరవులో, కులపు కట్టుబాటులలో, దేవుని పేర జరుగు క్రూరాచారములలో నలిగినవారికే రచయిత పెద్దపీట వేసెను. బాపిరాజు స్వర్ణకాంతికి అలవాటుపడిన కన్ను ఇచ్చట కొంతసేపు తడబడును. అనంతపురపు పలుకుబడి కోస్తా పాఠకునకు మొదటి అధ్యాయములలో అడ్డుతగిలినను, ఆ జిల్లా మిత్రునొకనిని చెంత కూర్చుండబెట్టుకొని సంభాషణలను బిగ్గరగ చదివించుకొన్నచో మాటలు తమంతట తామే అర్థమగును. పిమ్మట నిఘంటువు అక్కరలేదు.