ఉపయెన్నికయు, ఊరి వోటును



మొన్న సంధ్యవేళ మా యూరి రచ్చబండయొద్ద ఒక వృద్ధరైతు మనుమనిచేత పత్రిక చదివించుకొనుచు నన్ను నిలిపి, “అయ్యవారూ, ఎక్కడనో ఉపయెన్నిక యఁట. ప్రభుత్వ మున్నది, మంత్రు లున్నారు, జనము వోటు వేసి రెండేండ్లైనను కాలేదు. మఱల ఈ వోటెందులకు?” అని యడిగెను. అప్పటికిఁ దోఁచిన నాలుగు మాటలు చెప్పితిని గాని, ఆ సమాధానము నాకే తృప్తికరముగ లేదు. దానినే నేఁడు మీ యెదుట కొంచెము విస్తరించి చెప్పుచున్నాను.

మొదట మాటను చూతము. ‘ఎన్ను’ అను ధాతువునకు లెక్కించుట యనియు, గుణదోషములను విచారించుట యనియు అర్థములు కలవు. అందుండి పుట్టినది ఎన్నిక. ‘ఉప’ యనునది సంస్కృతోపసర్గము. ప్రధానమైనదానికి సమీపమున నుండునది, తోడైనది యని దాని భావము. ఉపనది, ఉపకథ యన్నట్లే ఉపయెన్నిక. సంస్కృతమును తెలుఁగును ఇట్లు కలుపుటను పండితులు వైరిసమాస మందురు. నేనును ముప్పదియేండ్లు పాఠశాలలో ఆ మాటయే చెప్పి పిల్లల వ్రాఁతలపై ఎఱ్ఱసిరా పూసితిని. కాని లోకము వాడుచున్నది, నేనును వాడుచున్నాను.

శాసనసభ్యుఁడు మరణించినను, రాజీనామా యిచ్చినను, అనర్హుఁడని నిర్ణయింపఁబడినను అతని స్థానము ఖాళీ యగును. ఆఱు మాసములలోపల ఆ స్థానమునకు ఎన్నిక జరుపవలయునని ప్రజాప్రాతినిధ్య చట్టమునకు 1996లో ఒక నిబంధన చేర్చిరి. సభకు మిగిలిన కాలము ఏఁడాదికంటె తక్కువయైనచో ఆ నిబంధన వర్తింపదు. సాధారణముగ ఒక ఉపయెన్నికచేత ప్రభుత్వము మాఱదు. గెలిచినవాఁడు అయిదేండ్లు కూర్చుండఁడు, పూర్వసభ్యుఁడు విడిచిన శేషకాలము మాత్రమే యతనిది. కాబట్టి మీ వాకిట నిలిచి, “నన్ను గెలిపింపుఁడు, కాలువ త్రవ్వించెదను” అనువానిని మొదట అడుగవలసిన ప్రశ్న, “బాబూ, నీకు మిగిలిన నెలలెన్ని?” యనునదే.

ఎవరు నిలువవచ్చును? ఇరువదియైదేండ్లు నిండియుండవలయును. ఆ రాష్ట్రములోని ఏదో యొక నియోజకవర్గమున వోటరై యుండిన చాలును, ఆ నియోజకవర్గమువాఁడే కానక్కఱలేదు. “నేను ఈ మట్టిలో పుట్టినవాఁడను, అతఁడు పరాయివాఁడు” అను వాదము సభలలో ఎంత వినఁబడినను చట్టము దృష్టిలో దానికి విలువ లేదు. స్థానికులై యుండవలసినవారు అభ్యర్థిని ప్రతిపాదించువారు. గుర్తింపు పొందిన పక్షమువానికి ఒక్క ప్రతిపాదకుఁడు, తక్కినవారికి పదిమంది కావలయును. ధరావతు 10,000 రూపాయలు, షెడ్యూలు కులములవారికిని తెగలవారికిని అందు సగము. చెల్లిన వోట్లలో ఆఱవవంతుకంటె ఎక్కువ రానిచో, ఓడినవాని ధరావతు ప్రభుత్వమున కగును.

ఈ పదిమంది ప్రతిపాదకుల నియమమునకు కారణములలో మన నల్లగొండయు ఒకటి. 1996 లోకసభ యెన్నికలో అచ్చట 480 మంది నిలిచిరి. వారందఱును గెలుతుమని నిలిచినవారు కారు. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిపోయిన పల్లెల మొఱ ఢిల్లీకి వినఁబడవలయునని నిలిచినవారు అందనేకులు. వోటుపత్రమును పుస్తకరూపమున ముద్రింపవలసి వచ్చెను. అదే సంవత్సరమున తమిళనాట మొడకుఱిచ్చి శాసనసభాస్థానమునకు 1,033 మంది నిలిచిరి. ఆ యేఁడే చట్టమును సవరించి, శాసనసభకు 250 రూపాయలుగ నుండిన ధరావతును 5,000 చేసిరి. తరువాత అది రెట్టింపైనది.

ఆ నల్లగొండ జిల్లాలోనే, కొంత యాదాద్రి భువనగిరి జిల్లాలోను వ్యాపించి మునుగోడు నియోజకవర్గ మున్నది. 2018లో అచ్చట కాంగ్రెసు పక్షమున గెలిచిన కోమటిరెడ్డి రాజగోపాలరెడ్డి 2022 ఆగస్టులో రాజీనామా యిచ్చి, భారతీయ జనతాపక్షమున చేరి, మఱల అదే స్థానమునకు నిలిచెను. తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున, అంతకుముందు ఆ స్థానమున సభ్యుఁడై యుండిన కూసుకుంట్ల ప్రభాకరరెడ్డియు, కాంగ్రెసు పక్షమున పాల్వాయి స్రవంతియు నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 47 మంది. వోటుయంత్రమున ఒక్కొక్క పలకకు 16 మీటలు. అభ్యర్థులవి 47, ‘వీరిలో ఎవ్వరును కారు’ అను మీట ఒకటి, వెరసి 48. కాఁబట్టి మూఁడు పలకలు ప్రక్కప్రక్కన పెట్టవలసి వచ్చెను. కారు గుర్తును పోలిన గుర్తులు తమ వోట్లను చీల్చునని ఆ గుర్తు గల పక్షమువారు మొఱపెట్టిరి. రోడ్డు రోలరు గుర్తు విషయమై పెద్ద వివాదమే జరిగెను. చత్వారమువచ్చిన కన్నులకు కారేదో రోలరేదో నిర్ణయించుట యెంత కష్టమో నా వయస్సువారికిఁ జెప్పనక్కఱలేదు.

మంత్రులును, శాసనసభ్యులును పల్లెలను పంచుకొని మకాములు వేసిరి. ఎన్నఁడును కారు దిగని వీథులలో పెద్దలు నడిచిరి. 2022 నవంబరు 3న నూటికి 93 మంది వోటు వేసిరి. ప్రభాకరరెడ్డికి 97,006, రాజగోపాలరెడ్డికి 86,697, స్రవంతికి 23,906 వోట్లు వచ్చెను. ఆఱవవంతు ముప్పదియేడు వేలు దాఁటుచుండుటచే మూఁడవవారి ధరావతు పోయెను. ఇంత కోలాహలముచేత నిండిన స్థానము ఎంతకాలమునకు? ఇంచుమించు ఒక యేఁడాదికి. 2023 సాధారణ యెన్నికలో రాజగోపాలరెడ్డియే మఱల కాంగ్రెసులోనికి వచ్చి అచ్చట గెలిచెను. ఇంకొక వింత చూడుఁడు. 2025 నవంబరులో హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు ఉపయెన్నిక జరిగినప్పుడు నూటికి ఏఁబదిమందియైనను రాలేదు. పట్టణము వోటు వేయుటకు బద్ధకించును, పల్లె వేయకుండుటకు భయపడును. ఈ రెండవదానినిగూర్చి ముందు చెప్పెదను.

సభ్యుఁడు మరణించినప్పుడు భార్యయో, కుమారుఁడో, సోదరుఁడో నిలుచుట మనయొద్ద ఆచార మైనది. బద్వేలులో 2021లో భార్యయు, ఆత్మకూరులో 2022లో తమ్ముఁడును గెలిచిరి. ఆ రెండుచోట్లను తెలుఁగుదేశము పక్షమువారు పోటీ మానుకొనిరి. నాగార్జునసాగరములో 2021లో కుమారుఁడు గెలిచెను. కాని దుబ్బాకలో 2020లో భార్య 1,079 వోట్ల తేడాతో ఓడెను. దుఃఖములో నున్న యింటిని ఆదరించుట మంచిదే. అయినను పరామర్శ వేఱు, ప్రాతినిధ్యము వేఱు. పోటీ మానుకొనుటను మర్యాద యందురు గాని, ఆ మర్యాదవలన వోటరు నెదుట నుండవలసిన యెన్నిక తఱిఁగిపోవుచున్నదని నా యభిప్రాయము.

ఇఁక అసలు విషయము. అభ్యర్థి పల్లెకు వచ్చినప్పుడు ఇంటింటికిఁ బోవుటకుముందు పెద్దలయొద్దకు వచ్చును. కొన్నేండ్ల క్రింద మా ప్రాంతమున జరిగిన యొక ఉపయెన్నికలో అట్లే వచ్చిరి. ఏ యెన్నికయో, ఏ పక్షమో చెప్పను. రాత్రి భోజనములైన తరువాత ఇద్దఱు మనుష్యులు ఆలయమంటపమున కూర్చుండి, “ముఖమంటపమునకు కప్పు వేయించెదము, ఊరి వోట్లన్నియు మాకు రావలయును” అనిరి. పెద్దలు సమ్మతించి దేవునియెదుట ప్రమాణము చేసిరి. ఏ యింట ఎన్ని వోట్లో పట్టిక కావలసి వచ్చెను. నా యక్షరములు ముత్యములవలె నుండునని అందఱు నావంక చూచిరి. నేను వ్రాసితిని, నాలుగు కాగితములు.

రెండవనాఁటి యుదయమున, మూఁడవ కాగితములో పేరున్న యొక వితంతువు మా యింటికి వచ్చెను. గడపలోనికి రాక నిలుచుండి, “పంతులుగారూ, నా వోటెవరికో నేనింక నా కొడుకుకైన చెప్పలేదే! మీరెట్లు వ్రాసినారు?” అని యడిగెను. వ్యాకరణములో ఎంత చిక్కు ప్రశ్నకైనను సమాధానము చెప్పినవాఁడను, ఆమెకు చెప్పలేకపోయితిని.

ఎన్నిక ముగిసెను. ఎవరు ఎవరికి వేసిరో యెవ్వరికిని తెలియదు. అది రహస్యము, నిజముగ రహస్యమే. పోలింగు అధికారిగా ననేక పర్యాయములు పని చేసితిని గనుక ప్రమాణము చేసి చెప్పఁగలను. కాని పెద్దలలో చాలమంది యెఱుఁగని విషయ మొకటి కలదు. లెక్కింపైన తరువాత ఏ కేంద్రమున ఎవరికి ఎన్ని వోట్లు వచ్చెనో కేంద్రమువారీగ పట్టిక ప్రకటింపఁబడును. మా యూరికి ఒకటే కేంద్రము. అనఁగా మనిషి వోటు రహస్యము, ఊరి వోటు రహస్యము కాదు. ఊరినంతయు మూటఁగట్టి మాట యిచ్చిన పెద్ద, ఆ పట్టిక చేతికి వచ్చిననాఁడు దోషివలె నిలువవలసి వచ్చును. మాకట్లే యయ్యెను. ఇచ్చిన మాటకు డెబ్బదిచిల్లర వోట్లు తక్కువ పడెను. ఆ మనుష్యులు మఱల వచ్చి, తక్కువ యెట్లు పడెనని యడిగిరి. ఊరు ఒకరినొకరు అనుమానించుకొనెను. గడపలో నిలిచి ప్రశ్నించిన యామెను రెండు మాసములు ఎవ్వరును కూలికి పిలువలేదు. ఆమె ఎవరికి వేసెనో నేఁటికిని ఎవ్వరికిని తెలియదు.

చట్టము దీనినంతయు ముందుగనే యూహించినది. వోటుకొఱకు సొమ్మిచ్చుటయే కాదు, పుచ్చుకొనుటయు నేరమే. భారతీయ న్యాయసంహితలో దానికి ఒక సంవత్సరము వఱకు కారాగృహము గాని, జరిమానా గాని, రెండును గాని శిక్షగా చెప్పఁబడినది. కులమునుండియో సమాజమునుండియో వెలివేసెదమని బెదరించుట, ఇట్లు వేయకున్న దైవాగ్రహము తగులునని నమ్మించుట — ఈ రెండింటిని ప్రజాప్రాతినిధ్య చట్టము అక్రమ ప్రభావమని పేర్కొన్నది. మంటపములో మేము చేయించిన ప్రమాణము ఇందులో దేని క్రిందికి వచ్చునో మీరే చూచుకొనుఁడు. అయితే, “మా పక్షము గెలిచిన రోడ్డు వేయింతుము” అని బహిరంగముగ విధానమును ప్రకటించుట నేరము కాదు. రోడ్డు అందఱిది, ఆ మాట అందఱును వినునట్లు చెప్పఁబడినది. చీఁకటిలో అందిన సొమ్ము అట్టిది కాదు. అది మితిమీరినప్పుడు ఎన్నికయే ఆఁగిపోవచ్చును. మదరాసు నగరమున ఆర్.కె. నగర్ ఉపయెన్నికను 2017 ఏప్రిలులో ధనవిభజన కారణముగ ఎన్నికల సంఘము రద్దు చేసి, డిసెంబరులో మఱల జరిపెను.

మా మంటపము సంగతి యడుగుదురేమో. మొదటి విడుత సొమ్ముతో నాలుగు స్తంభములు లేచెను. వోట్లు తక్కువ పడినవని రెండవ విడుత రాలేదు. ఉత్సవములకు ఆ స్తంభములపై తాటాకు పందిరి వేయుచున్నాము.

రచ్చబండయొద్ద నన్నడిగిన వృద్ధునితో కడపట నేను చెప్పినది ఇంతే. మన యూరికి ఉపయెన్నిక వచ్చినచో అభ్యర్థుల నందఱిని వేఱువేఱు దినములలో పగటివేళ ఇక్కడికే పిలుతము. చెఱువుతూము, ఆసుపత్రి, మిగిలిన నెలలలో ఏది సాధ్యమగును — ఈ ప్రశ్నలను అందఱి యెదుట అడుగుదము. ప్రశ్నలు వ్రాయుటకు నా కలము సిద్ధముగ నున్నది. ఇండ్ల పేర్లు మాత్రము వ్రాయను.