మొగ మూసుకుంటే చేపల గతి ఏమి?

విద్యార్థులారా! నది సముద్రంలో కలిసే చోటును మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడి నీరు పూర్తిగా తియ్యనిది కాదు, పూర్తిగా ఉప్పనిదీ కాదు. ఆటుపోట్లను బట్టి దాని ఉప్పదనం మారుతూ ఉంటుంది. ఆ నీరు సముద్రంలోకి తెరుచుకునే ద్వారాన్ని తెలుగు తీరపు మత్స్యకారులు ‘మొగ’ అంటారు. ఆ ద్వారం మూసుకుంటే లోపలి చేపలకు ఏమవుతుందో తెలుసుకుందాం.

డర్బన్ నగరానికి ఉత్తరంగా 200 కిలోమీటర్లకు పైగా దూరంలో సెయింట్ లూసియా సరస్సు ఉంది. ఎంతో విశాలమైన ఈ సరస్సు సగటు లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. దీని చుట్టూ ఉన్న ఇసిమంగలిసో ఉద్యానం 1999లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. ఈ సరస్సులో 150కి పైగా చేపజాతులను శాస్త్రజ్ఞులు నమోదు చేశారు.

వాటిలో చాలా జాతులు ఇక్కడ పుట్టవు. ముల్లెట్, గ్రంటర్, కాబ్ వంటి చేపలు సముద్రంలో గుడ్లు పెడతాయి. వాటి చిన్న పిల్లలు మొగ గుండా లోపలికి వస్తాయి. ఇక్కడ అలలు తక్కువ, ఆహారం ఎక్కువ. లోతు లేనందున వాటిని మింగే పెద్ద చేపలూ తక్కువే. పెరిగి పెద్దవైన తరువాత అవి అదే దారిన సముద్రానికి మరలుతాయి. కనుక ఈ సరస్సు వాటికి బాల్యగృహం, మొగ దానికి వాకిలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మొగ మూసుకోవడం ఎల్లప్పుడూ కీడు కాదు. క్వాజులు-నటాల్ తీరంలో అనేక చిన్న నదుల మొగలను వానలు లేని చలికాలంలో అలలు ఇసుకతో పూడుస్తాయి. వేసవి వానలకు నది పొంగి, ఆ ఇసుకను తోసివేస్తుంది. చేపలు ఈ క్రమానికి అలవాటుపడినవే. నదికి తోసివేసే బలం లేనప్పుడే చిక్కు కలుగుతుంది.

సెయింట్ లూసియాకు ఆ బలం ఎలా తగ్గింది? పూర్వం ఉంఫొలోజి నది కూడా ఇదే మొగ గుండా సముద్రంలో కలిసేది. అది తెచ్చే బురదలో చాలాభాగం దిగువన రెల్లు పెరిగిన చిత్తడి నేలల్లో ఆగిపోయేది. చెరకు సాగు కోసం ఆ నేలలను ఎండగట్టి, నీటికి కాలువలు తవ్వారు. అప్పుడు బురద నేరుగా మొగను చేరసాగింది. సరస్సు పూడిపోతుందని భయపడి, 1952లో ఆ నదికి వేరుగా మొగను ఏర్పరచారు. బురద బెడద తగ్గింది. దానితోపాటు నది ఇచ్చే మంచినీరూ దూరమైంది.

2002లో కరువు కాలాన మొగ మూసుకుంది. ఎండకు నీరు ఆవిరవుతుంది గాని, అందులోని ఉప్పు ఆవిరి కాదు. నీరు తరిగిన కొలదీ ఉప్పదనం పెరిగింది. 2006 నాటికి సరస్సులో అధికభాగం ఎండిపోయింది. మిగిలిన నీరు కొన్నిచోట్ల సముద్రపు నీటికంటే ఎన్నో రెట్లు ఉప్పనయింది.

సముద్రపు చేపకు ఉప్పు వల్ల బాధ ఏమిటని మీరు అడగవచ్చు. సాధారణంగా చేప శరీరంలోని ద్రవాలు సముద్రమంత ఉప్పగా ఉండవు. అందుచేత అది నీరు తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా వెలుపలికి పంపుతుంది. ఉప్పదనం పెరిగితే ఈ శ్రమ కూడా పెరుగుతుంది. ఒక హద్దు దాటిన తరువాత చేప తట్టుకోలేదు. బయటికి పోదామంటే వాకిలి మూసి ఉంది. ఆ విధంగా జాతి వెంట జాతి కనుమరుగవుతుంది.

మొజాంబిక్ తిలాపియా మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అది సముద్రపు నీటికి దాదాపు మూడింతల ఉప్పదనాన్ని కూడా ఓర్చుకోగలదు. లోపలే గుడ్లు పెట్టి, పిల్లలను నోటిలో కాపాడుకుంటుంది. దానికి మొగతో పని లేదు. కనుక వలలో చేపలు పడినంత మాత్రాన సరస్సు క్షేమంగా ఉన్నదని తలచరాదు. ఎన్ని చేపలు పడ్డాయన్నది కాక, ఎన్ని రకాలు పడ్డాయన్నది చూడాలి.

2007 మార్చిలో తుఫాను అలలు మొగను తెరిచాయి. సముద్రపు చేపలు మళ్ళీ లోపలికి వచ్చాయి. అయితే కొన్ని నెలలకే మొగ తిరిగి మూసుకుంది. లోపల చిక్కిన సముద్రపు నీరు ఆవిరవుతుండగా ఉప్పదనం మరల పెరిగింది. వాకిలి ఒక్కటి తెరిస్తే చాలదనీ, మంచినీరు కూడా కావాలనీ దీనివల్ల తెలిసింది. అందుకే 2012లో ఉంఫొలోజి నదిని సరస్సుతో తిరిగి కలిపే పని ఆరంభించారు. 2021 జనవరిలో యంత్రాలతో మొగను తెరిచినప్పుడు అది తగునా, తగదా అని పెద్ద చర్చ జరిగింది. చేపలకు దారి కావాలని కొందరు, నది తానే తెరిచేవరకు ఆగాలని మరికొందరు వాదించారు.

మీరు ఏ పక్షం వహిస్తారు? తేల్చుకునే ముందు ఒక పని చేయండి. మీకు దగ్గరలోని ఏటి మొగ వద్దకు పెద్దలతో కలిసి వెళ్ళండి. అది తెరిచి ఉన్నదో, మూసి ఉన్నదో చూడండి. అక్కడ గాలం వేసే వృద్ధులెవరైనా ఉంటే, తమ చిన్నతనంలో ఏయే చేపలు దొరికేవో అడగండి. ఆ పేర్లను, నేడు దొరికే వాటి పేర్లను తెలుగులో పక్కపక్కన రాసి తరగతికి తీసుకొని రండి. మన తీరపు నీటిలో వచ్చిన మార్పు ఆ రెండు వరుసలలోనే కనబడుతుంది.